యుద్ధానికి సంతకం, శాంతికి నిరీక్షణ: ఖరగ్‌పూర్ కార్మిక నేత వి.వి. గిరి జీవితం

1971 డిసెంబరు 3, శుక్రవారం. పొద్దు గుంకుతున్న వేళ పాకిస్థాన్ యుద్ధ విమానాలు భారత్‌లోని పలు వైమానిక స్థావరాలపై దాడికి దిగాయి. ప్రధాని ఇందిరాగాంధీ ఆ రోజు కలకత్తాలో ఉన్నారు. ఆమె హుటాహుటిన ఢిల్లీ చేరుకున్నారు. ఆ రాత్రే రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి రాజ్యాంగంలోని 352వ అధికరణం కింద దేశంలో అత్యయిక పరిస్థితిని ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు 77 సంవత్సరాలు. త్రివిధ దళాలకు సర్వసైన్యాధ్యక్షుడైన ఆ వృద్ధుడు, అంతకు నలభై నాలుగేళ్ల క్రితం ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల పక్షాన నిలిచి కంపెనీ యాజమాన్యాన్ని ఎదిరించిన నాయకుడు.

దేశం యుద్ధంలోకి ఎలా వెళుతుంది? అందులోంచి ఎలా బయటపడుతుంది? ఈ రెండు ప్రశ్నలూ గిరి జీవితంలో విద్యార్థి దశ నుంచి రాష్ట్రపతి పదవి వరకు మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి. మొదటి ప్రశ్నకు సమాధానం ఒక్క రాత్రిలో దొరికింది. రెండో ప్రశ్నకు సమాధానం ఆయన పదవీకాలం ముగిసేనాటికి కూడా పూర్తిగా దొరకలేదు. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించిన వారిలో ఆయన ఒకప్పుడు నాయకత్వం వహించిన రైల్వే కార్మికులు కూడా ఉండడం ఈ జీవితగాథలోని విషాదం.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి వరాహగిరి వెంకట జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెస్ రాజకీయాలలో పాలుపంచుకున్నవారు. తల్లి సుభద్రమ్మ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వినిపించే ఆ సరిహద్దు పట్టణంలో గిరి పెరిగారు. 1913లో న్యాయశాస్త్రం చదివేందుకు ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు. భారత్ లాగే బ్రిటిష్ ఏలుబడిలో నలుగుతున్న ఆ దేశంలో ఆయన న్యాయశాస్త్రంతోపాటు రాజకీయాలనూ నేర్చుకున్నారు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ ఆలోచనలు ఆయనను ఆకర్షించాయి. కార్మికుల హక్కులు, దేశ స్వాతంత్ర్యం వేర్వేరు పోరాటాలు కావన్న భావం అక్కడే ఆయనలో నాటుకుంది.

ఆయన డబ్లిన్‌లో ఉండగానే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అదే ఏడాది గాంధీజీ లండన్ వచ్చారు. సామ్రాజ్యం ఆపదలో ఉన్నప్పుడు క్షతగాత్రులకు సేవ చేయడం ధర్మమని భావించి, భారతీయ విద్యార్థులను వైద్య సహాయక దళంలో చేరవలసిందిగా కోరారు. గిరి మొదట అంగీకరించారు. తరువాత ఆ నిర్ణయం ఆయనను బాధించింది. తన దేశాన్ని బానిసత్వంలో ఉంచిన ప్రభుత్వం చేసే యుద్ధానికి, సేవా రూపంలోనైనా సరే, చేయూత ఇవ్వడానికి మనస్సు ఒప్పుకోలేదు. గాంధీజీ ఆయనను ఆ బాధ్యత నుంచి విడుదల చేశారు. యుద్ధానికి ఒకసారి సరేనన్న తరువాత మాట వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఇరవై ఏళ్ల వయస్సులోనే గిరికి తెలిసివచ్చింది.

1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు చెలరేగింది. బ్రిటిష్ సైన్యం దాన్ని అణచివేసి నాయకులను కాల్చి చంపింది. వారిలో కానలీ కూడా ఉన్నారు. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో అధికారులు గిరిని దేశం విడిచి వెళ్లాలని ఆదేశించారు. స్వదేశానికి తిరిగివచ్చిన ఆయన బరంపురంలో న్యాయవాద వృత్తి చేపట్టారు. హోంరూల్ ఉద్యమంలోనూ, తరువాత సహాయ నిరాకరణోద్యమంలోనూ పాల్గొన్నారు. మద్యం దుకాణాల ఎదుట నిరసనకు నాయకత్వం వహించి 1922లో అరెస్టయ్యారు.

ఆ దశాబ్దంలోనే గిరిని ఖరగ్‌పూర్ పిలిచింది. కలకత్తాను నాగ్‌పూర్‌తోనూ, తూర్పు తీరం మీదుగా వాల్తేరుతోనూ కలిపే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, మిడ్నపూర్ జిల్లాలోని ఈ ప్రాంతాన్ని పెద్ద కూడలిగా మార్చింది. ఇంజన్లు, పెట్టెలు మరమ్మతు చేసే భారీ వర్క్‌షాపును ఇక్కడ నెలకొల్పింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగు కుటుంబాలు అదే రైలు మార్గం వెంట తరలివచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఫిట్టర్లుగా, బాయిలర్ పనివారుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మెన్‌గా చేరారు. బెంగాలీ, హిందీ, ఒడియాలతోపాటు తెలుగు కూడా ఆ రైల్వే కాలనీల భాష అయింది. బరంపురం న్యాయవాదికి ఈ కార్మికులు పరాయివారు కారు, ఆయన జిల్లా మనుషులే.

1927లో ఖరగ్‌పూర్ రెండుసార్లు సమ్మెబాట పట్టింది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె రైలు మార్గమంతటా వ్యాపించింది. సెప్టెంబరులో, వర్క్‌షాపు నుంచి పెద్ద సంఖ్యలో పనివారిని తొలగించాలన్న కంపెనీ నిర్ణయం మళ్లీ నిప్పు రాజేసింది. యాజమాన్యం లాకౌట్ ప్రకటించింది. ఆ ప్రతిష్టంభన డిసెంబరు దాకా కొనసాగింది. జీతం లేక, పొయ్యి వెలగక కుటుంబాలు నెలల తరబడి నిలబడ్డాయి. కార్మిక సంఘానికి సారథ్యం వహించిన గిరి రెండు పనులు సమాంతరంగా చేశారు. కార్మికులు హింసకు దిగకుండా నిగ్రహించారు. యాజమాన్యంతోనూ ప్రభుత్వంతోనూ చర్చల దారి మూసుకుపోకుండా చూశారు. ఆ పోరాటం భారత కార్మికోద్యమ చరిత్రలో ఒక మైలురాయిగా నిలిచింది.

గిరి తరువాతి కాలపు ఆలోచనలకు ఖరగ్‌పూర్ పునాది వేసింది. సమ్మె ప్రారంభించడం సులభమనీ, దాన్ని గౌరవప్రదంగా ముగించడంలోనే నాయకుని విజ్ఞత తేలుతుందనీ ఆ నెలలు నేర్పాయి. ముగింపు గురించి ఆలోచించకుండా పోరాటం ఆరంభిస్తే, దాని భారం మోసేది వేదికపై మాట్లాడేవారు కాదు, కూలి డబ్బుతో బతికేవారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ వ్యవస్థాపకులలో ఒకరిగా, దాని ప్రధాన కార్యదర్శిగా ఆయన పదేళ్లకు పైగా పనిచేశారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశానికీ, 1931లో లండన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికీ భారత కార్మికుల ప్రతినిధిగా హాజరయ్యారు.

1937 ఎన్నికలలో ఆయన బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డపైనే ఓడించి సంచలనం సృష్టించారు. రాజాజీ నాయకత్వంలోని మద్రాసు మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. రెండేళ్లు గడిచాయో లేదో, మరో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టు ప్రకటించారు. ప్రజలు ఎన్నుకున్న ఏ సభనూ, ఏ నాయకుణ్నీ ఆయన సంప్రదించలేదు. కోట్లాది మందిని యుద్ధంలోకి నెట్టడానికి ఒక్క మనిషి ప్రకటన సరిపోయింది. దీనికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి. గిరి పదవి వదిలి మళ్లీ కార్మికుల మధ్యకు వెళ్లారు. అరెస్టయి 1941 వరకు జైలులో ఉన్నారు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలో మరోసారి నిర్బంధంలోకి వెళ్లి మూడేళ్లు గడిపారు. యుద్ధకాలపు ప్రత్యేక అధికారాలు పౌరుణ్ని ఏం చేయగలవో ఆయన జైలు గోడల లోపలి నుంచి చూశారు.

1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో మళ్లీ కార్మిక మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యానంతరం సిలోన్‌లో భారత తొలి హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ నిర్వహించారు. పారిశ్రామిక వివాదాలను ప్రభుత్వం బలవంతంగా తీర్పుల ద్వారా పరిష్కరించడం కంటే, ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని ఒప్పందానికి రావడమే మేలని ఆయన వాదించారు. ఈ విధానం ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినప్పుడు, 1954 ఆగస్టులో మంత్రి పదవికి రాజీనామా చేశారు. మాట నిలుపుకోవడం కోసం కుర్చీ వదులుకోవడం ఆయనకు కొత్త కాదు.

1957 నుంచి పదేళ్లపాటు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా ఉన్నారు. ఆ కాలంలో దేశం రెండు యుద్ధాలు చూసింది. 1962 అక్టోబరులో చైనా దాడి చేసినప్పుడు రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ తొలిసారిగా అత్యయిక పరిస్థితి ప్రకటించారు. చైనా సరిహద్దులో పోరు నెల రోజులలో ఆగిపోయింది. ప్రకటన మాత్రం 1968 జనవరి దాకా అమలులోనే ఉంది. ఆ మధ్యలోనే 1965లో పాకిస్థాన్‌తో యుద్ధం వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 7న ఢాకా నుంచి వచ్చిన పాకిస్థాన్ సేబర్ విమానాలు, ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండ వైమానిక స్థావరంపై దాడి చేశాయి. నేలమీద నిలిపి ఉంచిన విమానాలు ధ్వంసమయ్యాయి. రైల్వే పట్టణానికి యుద్ధం అంటే వార్తాపత్రికలోని శీర్షిక కాదనీ, నెత్తిమీది చప్పుడనీ ఆ రోజు తెలిసింది.

1967లో గిరి ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆకస్మికంగా మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు స్వీకరించారు. బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసి, వెంటనే పదవికి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నిక బరిలో దిగారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరు తెలుగువారి మధ్య జరిగిన ఆ పోటీ కాంగ్రెస్ పార్టీనే నిలువునా చీల్చింది. ఇందిరాగాంధీ మద్దతుతో, రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపు తరువాత గిరి గెలిచారు. 1969 ఆగస్టు 24న ప్రమాణ స్వీకారం చేశారు. ప్రధాని అండతో గెలిచిన రాష్ట్రపతి ఆమె నిర్ణయాలను ప్రశ్నించగలరా అన్న సందేహం ఆనాటి నుంచే ఆయనను వెన్నంటింది.

రాజ్యాంగం ప్రకారం భారత రాష్ట్రపతి సర్వసైన్యాధ్యక్షుడు. అయితే ఆ అధికారాన్ని చట్టానికి లోబడి, మంత్రిమండలి సలహా మేరకే వినియోగించాలి. ఆనాడు ఇతర దేశాల అధ్యక్షుల స్థితి వేరు. పాకిస్థాన్‌లో అధ్యక్షుడు యాహ్యా ఖాన్ స్వయంగా సైన్యాధిపతి. 1971 మార్చి 25న తూర్పు పాకిస్థాన్ ప్రజలపైకి సైన్యాన్ని పంపినది ఆయన ప్రభుత్వమే. అమెరికాలో అధ్యక్షుడు జాన్సన్ 1964లో కాంగ్రెస్ నుంచి విశాలమైన అనుమతి పొంది వియత్నాంలో లక్షల సైన్యాన్ని దించారు. ఆయన తరువాత వచ్చిన నిక్సన్‌కు ఆ యుద్ధం నుంచి బయటపడడానికి నాలుగేళ్లు పట్టింది.

సైన్యం దాడి మొదలైన తరువాత తూర్పు పాకిస్థాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు భారత్‌లోకి వచ్చారు. వారిలో అత్యధికులకు ఆశ్రయమిచ్చింది పశ్చిమ బెంగాల్. ఆగస్టు 9న భారత్ సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకుంది. కలైకుండ కేంద్రంగా గల 22వ స్క్వాడ్రన్‌కు చెందిన నాట్ విమానాలు, నవంబరు 22న బోయ్‌రా వద్ద పాకిస్థాన్ సేబర్లను కూల్చాయి. అధికారికంగా యుద్ధం ఇంకా మొదలు కాలేదు. డిసెంబరు 3 దాడితో ఆ తెర కూడా తొలగింది. గిరి సంతకం చేసిన ప్రకటనను మరునాడే పార్లమెంటు ఆమోదించింది. అదే రోజు భారత రక్షణ చట్టాన్నీ చేసింది. 1939 నాటి వైస్రాయ్ ప్రకటనకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ఈసారి దాడి దేశంపైనే జరిగింది. నిర్ణయం ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానిది. ఆమోదం పార్లమెంటుది.

డిసెంబరు 6న భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. నిక్సన్ అమెరికా నౌకాదళాన్ని బంగాళాఖాతం వైపు మళ్లించారు. అయినా పోరు ఆగలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్థాన్ సేనలు లొంగిపోయాయి. దాదాపు 93,000 మంది ఖైదీలయ్యారు. యుద్ధం పదమూడు రోజులలో ముగిసింది. మన సైనికులు మూడు వేలమందికి పైగా నేలకొరిగారు. ఇందిరాగాంధీకి భారతరత్న ప్రకటిస్తూ, ఆ నిర్ణయానికి బాధ్యత పూర్తిగా తనదేనని గిరి తెలిపారు. పాకిస్థాన్‌లో యాహ్యా ఖాన్ డిసెంబరు 20న గద్దె దిగారు.

యుద్ధం నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పించడం వేగంగానే జరిగింది. 1972 మార్చిలో భారత సేనలు బంగ్లాదేశ్‌ను వీడాయి. విజేతగా నిలిచిన దేశం ఇంత త్వరగా వైదొలగడం చరిత్రలో అరుదు. జులై 2న సిమ్లాలో ఇందిరాగాంధీ, పాకిస్థాన్ అధ్యక్షుడు భుట్టో ఒప్పందంపై సంతకాలు చేశారు. యుద్ధ ఖైదీలను తిప్పి పంపడం 1974 ఏప్రిల్ నాటికి పూర్తయింది. సైనికులు బారకులకు చేరారు, ఖైదీలు ఇళ్లకు చేరారు. కానీ 1971 డిసెంబరు 3 రాత్రి గిరి సంతకం చేసిన అత్యయిక పరిస్థితి మాత్రం అలాగే ఉంది. నాటి నిబంధనల ప్రకారం పార్లమెంటు ఒకసారి ఆమోదించిన ప్రకటనకు గడువు లేదు. ఎవరో ఒకరు పూనుకుని రద్దు చేస్తే తప్ప అది దానంతట అది ముగియదు.

ఇక్కడే గిరి గతం ఆయనకు ఎదురునిలిచింది. 1974 మే 8న దేశవ్యాప్తంగా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు 17 లక్షల మంది పాల్గొన్న ఆ సమ్మెకు సారథి జార్జి ఫెర్నాండెజ్. ఆయన అధ్యక్షత వహిస్తున్నది గిరి స్థాపనలో పాలుపంచుకున్న రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కే. శత్రుదేశాన్ని ఎదుర్కోవడానికి వచ్చిన భారత రక్షణ నిబంధనలను ప్రభుత్వం ఆ సమ్మెపై ప్రయోగించింది. సమ్మె చట్టవిరుద్ధమన్నది. వేలాది మందిని జైళ్లకు పంపింది. రైల్వే కాలనీలలో కుటుంబాలు భయంతో గడిపాయి. అణచివేత పరిస్థితిని మరింత విషమం చేస్తుందని గిరి ప్రధానిని హెచ్చరించారనీ, ఆ హెచ్చరిక చెవికెక్కలేదనీ ఆయన జీవిత చరిత్ర చెబుతోంది. ఇరవై రోజులకు సమ్మె విరమణ జరిగింది. 1927లో బ్రిటిష్ కంపెనీతో చర్చల తలుపు తెరిచి ఉంచిన మనిషికి, స్వతంత్ర భారతంలో రాష్ట్రపతిగా ఆ తలుపు తెరిపించడం సాధ్యపడలేదు.

ఆయనను కేవలం రబ్బరు ముద్రగా కొట్టిపారేసిన విమర్శకులున్నారు. ప్రభుత్వ ఆర్డినెన్సులను ఆయన పెద్దగా ప్రశ్నించకుండా ఆమోదించిన మాట నిజమే. అదే సమయంలో, యుద్ధకాలంలో రాష్ట్రపతి, ప్రధాని భిన్న స్వరాలతో మాట్లాడితే దేశానికి జరిగే నష్టాన్నీ తూచవలసి ఉంటుంది. 1971లో ఆయన సంతకం న్యాయమైనదే. లోపం ఆ సంతకంలో లేదు. యుద్ధం ముగిసిన తరువాత దాన్ని రద్దు చేయించే ఏర్పాటు లేకపోవడంలో ఉంది. మంత్రి పదవిని రెండుసార్లు వదులుకున్న మనిషి, ఆ అత్యున్నత పదవిలో సలహాతోనే సరిపెట్టుకున్నారన్న అసంతృప్తి మాత్రం మిగిలిపోతుంది.

1974 ఆగస్టు 24న గిరి పదవీ విరమణ చేశారు. మరుసటి ఏడాది ఆయనకు భారతరత్న లభించింది. అదే 1975 జూన్‌లో, పాత అత్యయిక పరిస్థితి రద్దు కాకుండానే, ఆంతరంగిక కల్లోలం పేరిట రెండో ప్రకటన వచ్చింది. రెండూ 1977 మార్చిలోనే రద్దయ్యాయి. పదమూడు రోజుల యుద్ధం కోసం వచ్చిన ప్రకటన అయిదేళ్లకు పైగా నిలిచిందన్నమాట. అమెరికా కాంగ్రెస్ 1973లోనే, నిక్సన్ వీటోను తోసిపుచ్చి, అధ్యక్షుడు తన నిర్ణయంతో సైన్యాన్ని యుద్ధంలో ఉంచగల కాలానికి అరవై రోజుల హద్దు పెట్టింది. భారత్‌లో 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ అటువంటి కట్టడినే తెచ్చింది. మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి అత్యయిక పరిస్థితి ప్రకటించాలి. నెలలోగా పార్లమెంటు ఆమోదం కావాలి. ప్రతి ఆరు నెలలకూ ఆ ఆమోదం కొత్తగా పొందాలి. సంతకం చేసిన నాడే దానికి గడువు కూడా నిర్ణయమవుతుంది.

1980 జూన్‌లో గిరి మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరుతో నడుస్తోంది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఇప్పటికీ పనిచేస్తోంది. పక్కనే కలైకుండ నుంచి విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. నాలుగైదు తరాల క్రితం వచ్చిన తెలుగు కుటుంబాల వారసులు ఆ కాలనీలలో ఉన్నారు. 1927లో వారి తాతలు గిరి వెంట నడిచి తెలుసుకున్న సంగతి, దేశాలకూ వర్తిస్తుంది. పోరాటంలో దిగే నాయకుడు, దిగే ముందే, ఇంటికి తిరిగి వచ్చే దారిని కూడా చూసి పెట్టుకోవాలి.